పాప పుట్టినరోజుకి కుక్కను గదిలో పెట్టి గడియ వేయాలా?

మట్టిచేతులు:
వచ్చే ఆదివారానికి మా పాపకి మూడేళ్ళు నిండుతాయి. పెరట్లోనే చేద్దామనుకుంటున్నాం, పెద్దలూ పిల్లలూ కలిపి ముప్పై మంది దాకా వస్తారు. మా రాజాకి ఆరేళ్ళు, అంటే పాప కంటే ముందు నుంచీ ఇంట్లో ఉన్నవాడు. ఇప్పటిదాకా ఎవర్నీ కరవలేదు. కానీ పోయిన వారం వాడు పడుకున్న పాత దుప్పటి మీదకి పాప ఎక్కి చెవి పట్టుకుంటే గుర్రుమన్నాడు. అది చూసినప్పటి నుంచి మా ఆయన, పార్టీ రోజు వెనక గదిలో పెట్టి గడియ వేసేద్దాం అంటున్నారు. వాడు లోపల తలుపు గీరుతూ ఏడుస్తుంటే నాకు కేక్ ముక్క గొంతు దిగదు. ఏం చేయమంటారు? పెరటి ఫోటో పెడుతున్నాను, గేటు ఎత్తు సరిపోతుందో లేదో చూసి చెప్పండి.

పాతచింతకాయ:
గుర్రుమన్నాక ఇంకా అడగడం ఏమిటండీ? గదిలో పెట్టండి, గడియ వేయండి, తాళం కూడా వేయండి. ఇవాళ గుర్రు, రేపు పళ్ళు. మా బంధువుల ఇంట్లో కుక్క కూడా "ఎవర్నీ ఏమీ అనదు" అనే పేరున్నదే. నాలుగేళ్ళ పిల్లాడికి చెంప మీద ఏడు కుట్లు పడ్డాయి. చిన్నపిల్లల మొహం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది, పెద్దవాళ్ళకి కాలో చెయ్యో దొరుకుతుంది, వాళ్ళకి మొహమే.

ఒంటిచెప్పు:
గుర్రుమన్నాడా, గుర్రు పెట్టాడా? మావాడు రెండూ ఒకేలా చేస్తాడు.

తోకరాయుడు:
పాతచింతకాయ గారూ, మీరు సగమే చెప్పారు. గుర్రుమనడం అంటే కరవడానికి మొదటి మెట్టు కాదు, "నన్ను కరిచేదాకా తేవద్దు" అని చెప్పడం. దానికి నోట్లో ఉన్న మాట అదొక్కటే. ఆ మాటకి తిట్టి, కొట్టి, గదిలో పడేస్తే కుక్క నేర్చుకునేది మంచితనం కాదు, చెప్పకుండా కరవడం. అసలు గుర్రుకి ముందే అది చాలా చెప్పి ఉంటుంది. నిద్ర లేకపోయినా ఆవలించడం, తినడానికి ఏమీ లేకపోయినా మూతి నాక్కోవడం, మొహం పక్కకి తిప్పేసుకుని కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, ఒళ్ళంతా కర్రలా బిగుసుకోవడం. ఇవేవీ ఎవరూ చూడరు, తోక ఊపుతోంది కదా అని ఫోటో తీస్తారు. తోక ఊపినంత మాత్రాన సంతోషంగా ఉన్నట్టు కాదు. పైగా నిద్రలో ఉన్నవాడి చెవి లాగితే నేనైనా గుర్రుమంటాను.

మొక్కలపిచ్చి:
ఫోటోలో గేటు పక్కన గులాబీరంగు పూలతో ఉన్నది గన్నేరే కదా?

పాతచింతకాయ:
తోకరాయుడు గారూ, కుక్క మనసు మీకు బాగా తెలుసు, సంతోషం. ముప్పై మందిలో కుక్క ఆవలిస్తోందా మూతి నాక్కుంటోందా అని చూస్తూ కూర్చునేది ఎవరు? ఆ రోజు ఆ ఇంట్లో ఆ పని ఎవరిదో చెప్పండి.

నిద్రలేనిఅమ్మ:
కుక్క సంగతి సరే, బెలూన్ల మాట ఎవరూ ఎత్తలేదేం? పగిలిన రబ్బరు ముక్కని పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అతుక్కుపోతుంది, ఊపిరాడదు. కుక్క మింగితే పేగులో అడ్డం పడుతుంది. నేను మా బాబు మొదటి పుట్టినరోజుకి డెబ్బై ఊదాను, మర్నాడు సోఫా కింద నుంచి ముక్కలు ఏరడానికి ఒక పూట పట్టింది. శబ్దం ఒకటి. మనకి 20,000 హెర్ట్జ్ దాకా వినపడితే కుక్కకి సుమారు 45,000 దాకా వినపడుతుందంటారు, ఒక్కో బెలూన్ దానికి బాంబే.

తోకరాయుడు:
హెర్ట్జ్‌కీ శబ్దం పెద్దదవడానికీ సంబంధం లేదండీ, అది స్వరం ఎంత సన్నగా ఉందనే లెక్క. కుక్క భయపడేది ఎప్పుడు పగులుతుందో తెలియక.

నిద్రలేనిఅమ్మ:
సరే మాస్టారూ. బెలూన్లు వద్దు అన్నాను, అది తప్పా?

మొక్కలపిచ్చి:
మళ్ళీ అడుగుతున్నాను. అది గన్నేరు అయితే ఆకు, పువ్వు, కొమ్మ, గింజ అన్నీ విషమే, ఎండినా పోదు, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. మూడేళ్ళ పిల్లలకి ఆకులు కోసి "వంట" ఆట ఆడటం ఎంత ఇష్టమో మీకు తెలియనిదా! కుక్క గురించి ఇంత గొడవ పడుతున్నారు, ఆ చెట్టు మాత్రం నోరు మూసుకుని ఫోటోలో నిలబడి ఉంది.

పాతచింతకాయ:
చెట్టు పరిగెత్తుకొచ్చి కరవదు. విషయం పక్కదారి పట్టించకండి.

తోకరాయుడు:
విషయం పక్కదారి పట్టించింది మీరే. ఏ కుక్క గురించి ఎవరు అడిగినా అవే ఏడు కుట్లు. పోయిన నెల పిల్లి గురించి అడిగినావిడకి కూడా అవే చెప్పారు. మీలాంటివాళ్ళు భయపెట్టబట్టే బిడ్డ పుట్టగానే కుక్కల్ని తీసుకెళ్ళి రోడ్డు మీద వదిలేస్తున్నారు. మా పక్కింటివాళ్ళు వదిలేసినదాన్ని రెండేళ్ళుగా నేనే సాకుతున్నాను. ఇప్పటికీ వాళ్ళ కారు చప్పుడు వినపడితే గేటు దగ్గరికి పరిగెడుతుంది. దాన్ని చూడ్డానికి మీరు రండి ఒకసారి.

పాతచింతకాయ:
నేను ఎవర్నీ వదిలేయమనలేదు. ఎక్కడన్నానో చూపించండి.

ఆ ఏడు కుట్ల సంగతి పూర్తిగా చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం. అదీ పుట్టినరోజే. ఆ కుక్క బల్ల కిందకి దూరింది. అప్పుడే తెలియాలి, జనం లేని చోటు వెతుక్కుంటోందని. పిల్లాడు బంతి కోసం దాని వెనకే దూరాడు. పదకొండు మంది పెద్దవాళ్ళం ఉన్నాం, ప్రతివాడూ పక్కవాడు చూస్తున్నాడు అనుకున్నాం. బల్లకి అందరికంటే దగ్గర నేనున్నాను, ఫోన్‌లో ఫోటోలు తీస్తున్నాను. వాణ్ణి ఎత్తుకుని కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగింది నేనే, వాడి ఏడుపుకి నీళ్ళ చప్పుడు కూడా వినపడలేదు. టీకాలు వేసిన కుక్కే, అయినా కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. గడియ వేయమన్నది కుక్క చెడ్డదని కాదు. మనం చూడం. చూస్తాం అంటాం, చూడం.

ఒంటిచెప్పు:
...

తోకరాయుడు:
ఇది మొదటి రోజే చెప్పి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదు. వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గడియ దగ్గర మాత్రం ఒప్పుకోను. అలవాటు లేని గదిలో ఒక్కదాన్నీ బంధిస్తే అది ఇంకా బెదురుతుంది, ఆ బెదురులో ఎవరో పిల్లాడు తలుపు తీస్తే మీరు భయపడేదే జరుగుతుంది. పెడితే రోజూ పడుకునే చోటే పెట్టాలి, దుప్పటి అదే ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. ఈ వారమంతా రోజూ కాసేపు అలవాటు చేయాలి.

పాతచింతకాయ:
మనిషి ఉంటే నాకూ అభ్యంతరం లేదు. మనిషి ఎవరు అనేదే నేను మొదటి నుంచీ అడుగుతున్నది.

మట్టిచేతులు:
అందరిదీ చదివాను. నిన్న రాత్రి మా ఆయన్ని సరిగ్గా అదే అడిగాను, ఆ రోజు రాజాని ఎవరు చూసుకుంటారు అని. "నువ్వున్నావుగా" అన్నారు. పాపని? "నువ్వున్నావుగా." వచ్చినవాళ్ళని? నేను ఇంక అడగలేదు. ముప్పై మందిని పిలుద్దామన్నది నేను కాదు, ఈ సంగతి మొదటి పోస్టులో రాయలేదు. పాపని అడిగితే తనకి కావాల్సింది ఒక్కటే చెప్పింది, మొక్కలకి నీళ్ళు పోసే చిన్న డబ్బా కొత్తది, ఎర్రది.

పొద్దున మళ్ళీ కూర్చున్నాం. గొంతులు కాస్త లేచాయి. మొత్తానికి ఎనిమిది మందే, బెలూన్లు లేవు. రాజాని పొద్దున్నే బాగా నడిపించి తీసుకొస్తాం, ఆ రెండు గంటలూ మా తమ్ముడు వాడితో మా పడకగదిలో ఉంటాడు, వాడికి ఎలాగూ జనమంటే పడదు. మా తమ్ముడికి అంటున్నాను, రాజాకి కాదు.

తోకరాయుడు:
వాడి దుప్పటి మర్చిపోకండి.

పాతచింతకాయ:
తమ్ముడి ఫోన్ బయటే తీసిపెట్టండి.

మొక్కలపిచ్చి:
గన్నేరు?

మట్టిచేతులు:
గన్నేరేనండీ. మా అత్తగారు నాటింది. దాని గురించి వేరే పోస్టు పెడతాను.