విద్యార్థులను ఇంటర్న్‌లుగా పెట్టుకుంటే జీతంలో సగం ప్రభుత్వం ఇస్తుందా? కాశీబుగ్గ నుంచి ఒక సందేహం

జీడిపిక్క, కాశీబుగ్గ

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు యూనిట్. పిక్కలు ఉడకబెట్టడం దగ్గర నుంచి పప్పు డబ్బాలకు ఎత్తడం దాకా అంతా ఒకే షెడ్డులో. పనివాళ్లు 22 మంది. వారిలో 16 మంది పొట్టు తీసి గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు, వారికి కిలో లెక్కన కూలి. మా మామగారు మొదలుపెట్టిన వ్యాపారం. 2018లో తిత్లీ తుపానుకు షెడ్డు పైరేకులు ఎగిరిపోతే బ్యాంకు అప్పు తెచ్చి మళ్లీ నిలబెట్టాం. ఆయన పోయాక లెక్కలన్నీ నా నెత్తిన పడ్డాయి. ఇప్పటికీ ఆయన వాడిన రకం ఎర్ర అట్ట పుస్తకంలోనే రాస్తున్నాను.

మా దగ్గర పొట్టు తీసే ఒకావిడ కూతురు పక్క ఊరి కళాశాలలో బీకాం మూడో సంవత్సరం చదువుతోంది. ఈ సెమిస్టర్ అంతా ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేయాలట. 'అమ్మా, మన దగ్గర పెట్టుకోండి' అని తల్లి అడిగింది. నాకూ లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే మనిషి కావాలి. అలాగే కటింగ్ యంత్రాలు, బాయిలర్ చూసుకోవడానికి ఐటీఐ ఫిట్టర్ చదివిన కుర్రాడు ఒకడు దొరికితే బాగుండునని రెండేళ్లుగా అనుకుంటున్నాను. చిన్న మరమ్మతుకు కూడా మనిషి బరంపురం నుంచి రావాలి. ఆ రోజంతా పని ఆగిపోతుంది.

పోయిన వారం ఒక పెద్దమనిషి ఫైలు పట్టుకుని వచ్చాడు. విద్యార్థులను పెట్టుకుంటే జీతంలో సగం కేంద్రం ఇస్తుందని, అది నేరుగా నా ఖాతాలో పడుతుందని, మనిషికి 6,000 రూపాయలు ఇస్తే దరఖాస్తు పని మొత్తం తానే చూసుకుంటానని చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. లేచి వెళ్లబోతూ, 'పిల్లలు రోజూ రాకపోయినా పరవాలేదమ్మా, పేర్లు ఉంటే చాలు' అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు గుండె గుబేలుమంది.

ఇంతకీ ఇలాంటి పథకం నిజంగా ఉందా? ఉంటే మాలాంటి చిన్నవాళ్లకు వర్తిస్తుందా? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? తెలిసినవారు చెప్పండి. నేను ఇంటర్ వరకే చదివాను, కాస్త విడమరిచి రాస్తే మేలు.

పద్దుల పుస్తకం, శ్రీకాకుళం

అమ్మా, మొదట ఆ ఫైలు పెద్దమనిషిని మర్చిపోండి. ఈ పథకాల పోర్టళ్లలో నమోదుకు రుసుము లేదు. పేర్లు మాత్రమే చాలని చెప్పేవాడు రేపు తనిఖీ వచ్చిన రోజున ఫోను ఎత్తడు. సంతకం ఉండేది మీది.

ఆయన మూడు నాలుగు పథకాలను కలిపి ఒక ముద్ద చేసి మీకు చెప్పినట్టున్నాడు. విడదీసి చెబుతాను.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైంది. మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000లో 4,500 ప్రభుత్వం, 500 కంపెనీ ఇచ్చేలా పెట్టారు. కానీ అది దేశంలోని 500 అగ్రశ్రేణి కంపెనీల కోసం పెట్టింది. పైగా మొదలైనప్పటి నిబంధనల ప్రకారం రోజూ కళాశాలకు వెళ్లి చదువుకునేవారు దానికి అర్హులు కారు. మీకూ ఆ అమ్మాయికీ ఇద్దరికీ సంబంధం లేదు.

2025 ఆగస్టు 1 నుంచి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన వచ్చింది. దీనిలో యజమాని ఖాతాకు కూడా డబ్బు వస్తుంది, నిజమే. అయితే అది ఇంటర్న్‌లకు కాదు, పీఎఫ్ కట్టే ఉద్యోగులకు. 50 మంది కంటే తక్కువ ఉన్న సంస్థ అదనంగా కనీసం ఇద్దరిని తీసుకుని ఆరు నెలలు నిలుపుకోవాలి. పీఎఫ్ జీతం 10,000 దాటి 20,000 లోపు ఉంటే మనిషికి నెలకు 2,000. మీరు 22 మంది అన్నారు. పీఎఫ్ చట్టం 20 మంది దగ్గరే మొదలవుతుంది. మీకు పీఎఫ్ నంబరు ఉందా లేదా అని నేను ఇక్కడ అడగను, మీరూ ఇక్కడ చెప్పకండి.

మీ అవసరానికి దగ్గరగా ఉన్నది అప్రెంటిస్ పథకం, అంటే ఒప్పందం మీద పని నేర్చుకునేవాళ్లను పెట్టుకోవడం. దానిలో కూడా రెండు దారులు ఉన్నాయి. ఐటీఐ వాళ్లకు ఒకటి, డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసిన వాళ్లకు మరొకటి. దాని సంగతి అనుభవం ఉన్నవాళ్లు చెబితేనే బాగుంటుంది.

మోటారు వైండింగ్, విజయనగరం

అనుభవం అంటే నాదే. చెల్లెమ్మా, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

నాది విజయనగరంలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపు. రైస్ మిల్లుల మోటార్లు, పొలాల పంపులు వస్తుంటాయి. మేం ఏడుగురం. చీపురుపల్లి వైపు నుంచి ఎలక్ట్రీషియన్ ఐటీఐ పాసైన కుర్రాడు పని అడుగుతూ వచ్చాడు. మంచి చెయ్యి. రాగి తీగ చుట్టడం చూస్తే వేలికి కళ్లు ఉన్నాయేమో అనిపించేది. వెంటనే పనిలో పెట్టేశాను. అప్రెంటిస్ పథకం ఉందని మూడు నెలల తర్వాత తెలిసింది. పరుగెత్తుకుంటూ పోర్టల్‌లో నమోదు చేశాను. వెనక్కి తేదీ వేయడం కుదరదు. ఒప్పందం పోర్టల్‌లో తయారై, కుర్రాడు తన లాగిన్‌లో ఒప్పుకున్నాకే లెక్క మొదలవుతుంది. ఆ మూడు నెలలూ నా జేబులోంచే పోయాయి. అందుకే మొదట ఒప్పందం రాసుకోండి, ఆ తర్వాతే మనిషిని షెడ్డులో అడుగు పెట్టనివ్వండి.

ఇప్పుడు డబ్బు సంగతి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ఐటీఐ వాళ్లకు కనీస స్టైపెండ్, అంటే పని నేర్చుకునే కాలంలో ఇచ్చే నెల భత్యం, 7,000. ప్రభుత్వం పాతిక శాతం ఇస్తుంది అంటారు. పాతిక శాతం అంటే 1,750 అని నేనూ లెక్క వేసుకున్నాను. కానీ గరిష్ఠంగా 1,500 మాత్రమే. అంటే నేను 5,500 ఇవ్వాలి, ప్రభుత్వం 1,500 ఇస్తుంది. సగం మాట ఇక్కడ లేదు. ఆ సగం ఉన్నది డిగ్రీ, డిప్లొమా వాళ్ల దారిలో. డిగ్రీకి 9,000లో 4,500, డిప్లొమాకు 8,000లో 4,000. దానిని చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. అది కూడా పాసైన వాళ్లకు. ఈ అంకెలను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది కాబట్టి, మీరు ఒప్పందం రాసే రోజున పోర్టల్‌లో ఏ అంకె ఉంటే అదే పట్టుకోండి.

ఇక మీ ఫైలు పెద్దమనిషి చెప్పిన అసలు అబద్ధం. ఆ 1,500 మన ఖాతాలో పడదు. నేరుగా కుర్రాడి ఖాతాకు వెళుతుంది. మన వాటా మనం బ్యాంకు ద్వారా ఇచ్చి, ఆ వివరం ప్రతి నెలా పోర్టల్‌లో ఎక్కిస్తేనే వాళ్ల వాటా కదులుతుంది. చేతికి నగదు ఇస్తే అది ఇవ్వనట్టే.

దీని వల్ల నాకు జరిగిన పరువు నష్టం వినండి. ఆరో నెలలో ఒక రోజు పొద్దున కుర్రాడి తండ్రి షాపుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. 'కాగితం మీద ఏడు వేలు రాసి, మా వాడికి ఐదున్నరే ఇస్తున్నారు. నెలకు పదిహేను వందలు ఎందుకు కోస్తున్నారు?' అని అందరి ముందూ అడిగాడు. అవి ప్రభుత్వం వేస్తుందని ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన తప్పు కాదు, కుర్రాడి పాస్‌బుక్‌లో ఆ డబ్బు లేదు. నేనూ ప్రభుత్వాన్ని నాలుగు తిట్టాను. తీరా చూస్తే ఆ అబ్బాయి బడిలో చదివేటప్పుడు ఉపకారవేతనం కోసం తెరిచిన పాత ఖాతాకు ఆధార్ ముడిపడి ఉంది. ఐదు నెలల 7,500 అందులో చప్పుడు చేయకుండా కూర్చుని ఉంది. నాకు ఇచ్చిన ఖాతా వేరు, ఆధార్ ఉన్న ఖాతా వేరు. తండ్రి మళ్లీ వచ్చి నన్ను క్షమించమనలేదు గానీ, సంక్రాంతికి అరిసెలు పంపించాడు.

కాబట్టి కుర్రాడిని తీసుకునే ముందే బ్యాంకుకు వెళ్లి ఆధార్ ఏ ఖాతాకు కలిసి ఉందో అడగమనండి.

జీడిపిక్క, కాశీబుగ్గ

అన్నయ్యగారూ, మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను. అరిసెల దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు సందేహాలు. ఒకటి, మేం ఎంతమందిని తీసుకోవచ్చు? రెండు, పిక్క పెంకులోంచి వచ్చే జీడి చేతికి తగిలితే చర్మం ఊడి వస్తుంది. ఆడవాళ్లు నూనె, బూడిద రాసుకుని పని చేస్తారు. కొత్త కుర్రాడికి ఏదైనా జరిగితే ఎవరి పూచీ? అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలా?

ఇంకొకటి. బీకాం అమ్మాయి ఇంకా చదువుతోంది కదా, ఆమె ఏ దారిలోకీ రాదన్నమాట. అదే కాస్త బాధగా ఉంది.

మోటారు వైండింగ్, విజయనగరం

30 మంది, ఆపైన ఉంటే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 దాకా మన ఇష్టం. మొత్తం సిబ్బందిలో 15 శాతం మించకూడదు. మేం ఏడుగురం, 15 శాతం అంటే ఒక్కడు. అందుకే నాకు రెండోవాడు కుదరలేదు. మీ కిలో కూలి వాళ్లు రికార్డులో ఉంటే 22కు ముగ్గురి దాకా తీసుకోవచ్చు. రికార్డులో ఆరుగురే ఉంటే ముగ్గురి మాట ఉండదు. పద్దుల పుస్తకం గారు పైన మెల్లగా దగ్గింది ఇందుకే.

అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం ఉన్నవాడికి పీఎఫ్, ఈఎస్ఐ కట్టనక్కరలేదు. కానీ పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే, చట్టంలో 16వ సెక్షన్. ఈఎస్ఐ లేదు కాబట్టి ఆసుపత్రి ఖర్చు మీ మీదే పడుతుంది. చిన్న బీమా ఒకటి తీయించండి. చేతి తొడుగులు మొదటి రోజే ఇవ్వండి. ఫిట్టర్‌ను ఫిట్టర్ పనిలోనే ఉంచండి, మనిషి తక్కువైన రోజు పిక్కలు కోయడానికి కూర్చోబెట్టకండి. ఆ రోజే చెయ్యి కాలుతుంది.

చాక్‌పీసు, టెక్కలి

నేను డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెబుతాను. ఆ అమ్మాయి గురించి నాలుగు మాటలు.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు మొదటి సంవత్సరం తర్వాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత వేసవి ఇంటర్న్‌షిప్, మూడో సంవత్సరంలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఇది చదువులో భాగం, మార్కులు ఉంటాయి. అప్రెంటిస్ చట్టంతో దీనికి సంబంధం లేదు కాబట్టి ప్రభుత్వం మీకూ ఏమీ ఇవ్వదు, ఆమెకూ స్టైపెండ్ వేయదు. మీరు ఎంతో కొంత ఇస్తే అది మీ మంచితనం. అప్రెంటిస్‌షిప్‌ను చదువులోనే కలిపిన డిగ్రీలు వేరే ఉన్నాయి. వాటిలో చేరిన పిల్లలకైతే చదువుతుండగానే స్టైపెండ్ వస్తుంది. ఈ అమ్మాయిది మామూలు బీకాం అయితే అది కుదరదు.

కానీ దయచేసి ఆమెను కాదనకండి. ఏటా నా దగ్గరికి ఇంటర్న్‌షిప్ నివేదికలు కట్టలుగా వస్తాయి. వాటిలో సగం ఏమిటో చూడగానే తెలిసిపోతుంది, డబ్బు కట్టి కొనుక్కున్న సర్టిఫికెట్, ఎక్కడి నుంచో ఎత్తి రాసిన 40 పేజీలు. ఊరు దాటి వెళ్లడానికి బస్సు చార్జీలు లేని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, గత్యంతరం లేక ఆ పని చేస్తారు. తల్లి పని చేసే షెడ్డులోనే నిజమైన పని దొరుకుతుంటే అంతకంటే ఏం కావాలి?

పని మాత్రం నిజంగా ఇవ్వండి. 80 కిలోల బస్తా పిక్కలకు ఎంత పప్పు వస్తోంది, అందులో పప్పు సైజును బట్టి 240 రకం ఎంత, 320 రకం ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత, ఇవి వారం వారం లెక్క కట్టమనండి. మీ ఎర్ర పుస్తకం పాత సంవత్సరాల్లోంచి అంకెలు తీసి పక్కన పెట్టమనండి. ఆ నివేదిక నా బల్ల మీదకు వస్తే చివరి పేజీ దాకా చదువుతాను. కళాశాల నుంచి అనుమతి లేఖ, రోజువారీ లాగ్‌బుక్ తెస్తుంది. లాగ్‌బుక్‌లో మీ సంతకం ఏ రోజుకు ఆ రోజే పెట్టండి, చివర్లో ఒకేసారి కాదు.

డిగ్రీ పాసయ్యాక కూడా మీకు ఆమె కావాలనిపిస్తే, అప్పుడు మోటారు వైండింగ్ గారు చెప్పిన సగం వాటా దారి తెరిచే ఉంటుంది.

జీడిపిక్క, కాశీబుగ్గ

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. కిలో కూలి వాళ్ల పేర్లన్నీ రికార్డులోకి ఎక్కించే పని మొదలుపెట్టాం. పీఎఫ్ సంగతి కూడా చూస్తున్నాం, పద్దుల పుస్తకం గారూ. దగ్గు వినిపించింది. ఖర్చు పెరుగుతుంది గానీ ఎన్నాళ్లు దాస్తాం?

ఫిట్టర్ కుర్రాడు మందస వాడు, దొరికాడు. ఆధార్ బ్యాంకులో చూపించుకుని రమ్మన్నాను. అన్నయ్యగారూ, మీ మాటే నిజమైంది, వీడిదీ పాత ఖాతాకే ఉంది. మార్పించుకున్నాడు. పోర్టల్‌లో మా యూనిట్ నమోదైంది, ఒప్పందం ఇంకా రాలేదు. రేపే వస్తానంటున్నాడు, నేను ఆగమన్నాను. వాడికి కోపంగా ఉంది.

అమ్మాయికి నెలకు 3,000 నేనే ఇస్తానని చెప్పాను. తల్లి ఆ రోజు మామూలు కంటే రెండు కిలోలు ఎక్కువ పొట్టు తీసింది, నేను అడగలేదు. సోమవారం నుంచి వస్తోంది. మామగారి 2011 నాటి పుస్తకం కూడా అటక మీద నుంచి దించాను. సగం పేజీలకు చెద పట్టింది.

ఫైలు పెద్దమనిషి మళ్లీ ఫోను చేశాడు, ఈసారి 4,000కే చేసిపెడతానన్నాడు.