ఫిబ్రవరిలో జపాన్ ప్రయాణం: అక్కడి ‘కాకి’ ఎక్కడ తినాలి, ఎలా తినాలి?

బరంపురం బుల్లోడు

ఫిబ్రవరి రెండో వారంలో తొమ్మిది రోజులు జపాన్, బస ఒసాకాలో. మేమిద్దరం, అత్తగారు, మామగారు. చిలికా పీతలు, గోపాలపూర్ రొయ్యలు అలవాటే గానీ ఆలుచిప్ప (ఆయిస్టర్) ఎవరమూ రుచి చూడలేదు. జపాన్ వాళ్లు దాన్ని ‘కాకి’ అంటారని చెప్తే ఇంట్లో ఒకటే నవ్వు.

పొద్దున వెళ్లి రాత్రికి ఒసాకా వచ్చేసేలా ఏ ఊరు మంచిది? పచ్చివి తినొచ్చా? మామగారికి షుగరుతో పాటు లివర్ సమస్య ఉంది. మనమే నిప్పుల మీద కాల్చుకునే పాకలుంటాయట, అక్కడ పద్ధతేమిటి? అత్తగారు శాకాహారి, ఆవిడ ఏం తినాలి?

పర్లాకిమిడి పడవ

ముందు నెల చూసుకోవాలండీ, ఊరు తర్వాత. సముద్రంలో తాళ్లకు వేలాడదీసి పెంచే ‘మాగాకి’ చలికాలపు సరుకు. వేసవిలో గుడ్లు వదిలాక కండ నీరుగారిపోతుంది, నీళ్లు చల్లబడ్డాక మళ్లీ పుంజుకుంటుంది. జనవరి, ఫిబ్రవరిల్లో చిప్ప నిండా ఉంటుంది. మీ నెల సరిగ్గా కుదిరింది.

మొదటిసారి వెళ్లేవారికి నా ఓటు హిరోషిమాకే. దేశంలో పెంచే ఆలుచిప్పల్లో సగానికి పైగా అక్కడివే. షిన్-ఒసాకాలో నొజోమి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కితే గంటన్నర. అక్కడ సాన్యో లైన్ లోకల్‌లో అరగంట వెళ్తే మియాజిమాగుచి, దిగాక పడవలో పది నిమిషాలకు మియాజిమా దీవి. పడవ చార్జీతో పాటు మనిషికి 100 యెన్‌ల సందర్శక పన్ను తీసుకుంటారు. రేవు నుంచి ఇత్సుకుషిమా గుడికి పోయే బజారులో దుకాణాల ముందే కాలుస్తుంటారు. ‘యాకీగాకి’ అని అడగండి. మాట మధ్యలో ‘కాకి’ కాస్తా ‘గాకి’ అవుతుంది, కంగారు పడకండి. సాయంత్రం ఐదయ్యేసరికి చాలా దుకాణాలు కట్టేస్తారు కాబట్టి మధ్యాహ్నం భోజనం వేళకే అక్కడుండాలి. చిల్లర నగదు ఉంచుకోండి. అక్కడి జింకలు చేతిలో కాగితం కనిపిస్తే చాలు, లాగి నమిలేస్తాయి. రైలు టికెట్లు జేబులోంచి తీయొద్దు.

కూర్చుని తినాలనుంటే ‘దోతె-నాబె’ చెప్పండి. మట్టికుండ లోపలి అంచుకు మిసో (పులియబెట్టిన సోయా) ముద్దను గట్టులా పూసి, మధ్యలో ఆలుచిప్పలు, తోఫు, కూరలు ఉడికిస్తారు. ‘దోతె’ అంటే గట్టే. మిసో కరిగేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది గనుక మొదట్లోనే గట్టునంతా కలిపేయకూడదు.

ఒక హెచ్చరిక: 2025 చివర్లో హిరోషిమాని ఆనుకుని ఉన్న సెతో లోతట్టు సముద్రంలో పెంపకపు ఆలుచిప్పలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. ఆ దెబ్బ ఒక్క ఏడాదితో పోయేది కాదు. వెళ్లేముందు దుకాణం తెరిచి ఉందో లేదో హోటల్ వాళ్లచేత ఫోన్ చేయించండి.

షింకన్‌సెన్ ఖర్చు వద్దనుకుంటే ఒసాకా నుంచి ‘షిన్-కైసొకు’ రైల్లో ఆకో వైపు వెళ్లండి. అదనపు చార్జీ ఉండదు, సుమారు గంటన్నర పైన. బాన్షు-ఆకోకి ఒక స్టేషన్ ముందు సాకోషి, అక్కడా ఆలుచిప్పలు దొరుకుతాయి. అదే లైనులో ఇంకా ముందుకెళ్తే హినాసె, అక్కడి పేరు మోసిన వంటకం ‘కాకి-ఒకో’. క్యాబేజీ తరుగు కలిపిన మందపాటి అట్టు మీద ఆలుచిప్పలు పరిచి ఇనుప పెనం మీద కాలుస్తారు. పచ్చి రూపం చూసి జంకేవాళ్లు దీంతో మొదలెడితే తేలిక.

ఛత్రపురం చేపలపులుసు

మామగారికి పచ్చివి వద్దే వద్దు. ‘ఒక్కటే కదా’ అని కూడా అనకండి. విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా లివర్ జబ్బున్నవాళ్ల రక్తంలోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. చలికాలపు నీళ్లలో అది తక్కువే గానీ, అప్పుడు వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ కాలం. లోపలి దాకా కాలినవి ఆయన నిక్షేపంగా తినొచ్చు.

ఇక ప్యాకెట్ల సంగతి. సూపర్‌మార్కెట్‌లో రెండు రకాలు కనిపిస్తాయి: ‘సెయిషోకు-యో’ అంటే పచ్చిగా తినడానికి, ‘కానెత్సు-యో’ అంటే వండుకోవడానికి. మొదటిది తాజా, రెండోది నిల్వ సరుకు అని చాలామంది పొరబడతారు. తేడా తాజాదనంలో లేదు, పెరిగిన నీళ్లలో ఉంది. పచ్చివాటిని పరీక్షించి గుర్తించిన శుభ్రమైన నీళ్లలోంచి తీస్తారు, లేదా శుద్ధిచేసిన సముద్రపు నీళ్లలో ఉంచి కడుపు ఖాళీ చేయిస్తారు. వాటికి ఈ-కోలై బ్యాక్టీరియా 100 గ్రాములకు 230 మించకూడదని నిబంధన. వండుకునేవి నదులు కలిసే మేత నీళ్లలో పెరిగి, పస్తుండకుండా వస్తాయి కాబట్టి తరచూ వాటికే రుచి చిక్కన. వేపుడుకి, కుండకూరకి అవే కొనండి. అయితే అవి ఆ పొద్దున్నే వచ్చినా పచ్చిగా మాత్రం నోట పెట్టకూడదు.

నోరోవైరస్ చావాలంటే మాంసం నడిమధ్యన 85–90 డిగ్రీల వేడి కనీసం 90 సెకన్లు ఉండాలి. నిమ్మరసం, వాసబి, సాకే, ఇవేవీ దాన్ని ఏమీ చేయవు. ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. చేతులకి శానిటైజర్ కన్నా సబ్బు, పారే నీళ్లే నమ్మకం.

మీ ఇద్దరూ పచ్చివి తినాలనుకుంటే మొదటి మూడు రోజుల్లో కానిచ్చేయండి. వాంతులు, విరేచనాలు మొదలవడానికి మామూలుగా 24 నుంచి 48 గంటలు పడుతుంది, తిరుగు విమానానికి ముందు రోజు తింటే ఆ ముచ్చట గాల్లో తీరుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కణ్ణించే పట్టుకెళ్లండి. పచ్చివాటికి పేరున్నది మియె ప్రాంతంలోని మాతోయా అఖాతం. అతినీలలోహిత కిరణాలతో శుద్ధిచేసిన నీళ్లలో ఉంచాకే బయటికి పంపుతారు. ఒసాకా-నంబా నుంచి కింతెత్సు ఎక్స్‌ప్రెస్‌లో షిమా-ఇసోబె రెండు గంటల పైచిలుకు.

వెళ్లేముందు అలవాటు చేసుకుందామని గోపాలపూర్ రాళ్ల మీదివి పచ్చిగా లాగించకండి బాబూ. వాటికి ఏ పరీక్షా లేదు.

రాయగడ రైలుబండి

కాల్చుకునే పాక పేరు ‘కాకిగోయా’. ఒసాకాకి అందుబాటులో తోబా దగ్గరి ఉరామురా ఉంది. ముందే బుక్ చేసుకోవాలి, టైము గీసి ఉంటుంది. హకాతా (ఫుకుఒకా) దాకా వెళ్లేట్టయితే ఇతోషిమా ఇంకా బాగుంటుంది, రేవు పొడుగునా పాకలే.

పళ్లెం రాగానే నోరు తెరుచుకున్నవి ఏరండి. తట్టినా మూసుకోకపోతే పక్కన పడేయండి. మిగిలిన వాటిని చూస్తే ఒక చిప్ప చదునుగా, రెండోది గిన్నెలా లోతుగా ఉంటుంది. మొదట చదును వైపు కిందికి. రెండు మూడు నిమిషాలకు అంచుల్లోంచి నీళ్లు బుసబుసా పొంగుతాయి, అప్పుడు తిరగేయండి. చదును చిప్పకి అంటుకున్న కండరం వేడికి ముందే వదులవుతుంది కాబట్టి మాంసం గిన్నెలోనే నిలుస్తుంది, రసం ఒలకదు. ముందే లోతు వైపు పెట్టేస్తే, తిప్పినప్పుడు అసలు రుచంతా నిప్పుల పాలు.

తిప్పాక ఇంకో ఐదు నిమిషాలు. పెద్దగా నోరు తెరుస్తుందని చూడకండి, సన్నని సందు కనబడితే చాలు. ఎడమ చేతికి గుడ్డ గ్లవ్ వేసుకుని, వాళ్లిచ్చిన మొండి కత్తిని సందులో దూర్చి, పై చిప్ప లోపలి గోడని రాస్తూ కండరం కోయండి. మూత వస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడి నోట్లో వేసుకుంటారు. నోరు తెరవడం వేరు, ఉడకడం వేరు. మూత తీశాక రసం కుతకుతా మరుగుతూ మరో నిమిషంన్నర ఉండాలి. నల్లటి కుచ్చు అంచు ముడుచుకుని, కండ ఉబ్బి, గాజులా ఉన్నది పాలరంగుకి తిరిగితే అయినట్టు. మామగారివి ఇంకాస్త ఉంచండి.

చిప్పల పొరల్లో చిక్కిన తడి ఆవిరై ఫట్‌మని పేలుతుంది, పెంకు ముక్కలు ఎగురుతాయి. జాకెట్ ఇస్తారు, వేసుకోండి. అత్తగారు పట్టుచీరలో వస్తే నిప్పులకి దూరంగా కూర్చోబెట్టండి. పచ్చివి పట్టే పటకారు వేరు, కాలినవి తీసేది వేరు. ఈ ఒక్క పొరపాటుతో కాల్చిన శ్రమంతా వృథా.

కిలోకి పది అటూ ఇటూ తూగుతాయి. మొదటిసారి మనిషికి ఐదారు చాలు, కడుపు నిండిపోతుంది. చాలా పాకలు మన మసాలాలు తెచ్చుకోనిస్తాయి. ‘మోచికోమి ఓకే దెసు కా’ అని అడగండి. పచ్చిమిర్చి, నిమ్మకాయ చాలు. ఆవకాయ వద్దు, అసలు రుచి తెలీదు.

అత్తగారికి చిలగడదుంప, మొక్కజొన్న కాల్చడానికి దొరకొచ్చు. ఆలుచిప్పలు కాల్చే ఇనుప జాలీయే కదా, అల్యూమినియం రేకులో చుట్టి పెట్టండి. సూప్, అట్టు పిండి, వీటిలో ‘దాషి’ అనే చేపల రసం ఉంటుంది. సాదా అన్నం, ఉమె (పుల్లటి పండు) పచ్చడి ఉన్న ఒనిగిరి (అన్నం ముద్ద) అడగొచ్చు.

బరంపురం బుల్లోడు

అందరికీ దండాలు. ఉరామురా ఖాయం చేస్తున్నాం. మా తమ్ముడు ఆగస్టులో వెళ్తానంటున్నాడు, వాడికి ఏమీ దొరకవన్నమాటేనా?

పర్లాకిమిడి పడవ

దొరుకుతాయి. వేసవిది ‘ఇవాగాకి’, అంటే రాతి ఆలుచిప్ప. ఇది గుడ్లు ఒక్కసారిగా వదలదు, అందుకే ఎండాకాలంలోనూ కండ తగ్గదు. అరచేయంత ఉంటుంది, ఒక్కటి నాలుగు ముక్కలు చేసుకుని తినాలి. జపాన్ సముద్రం వైపు వెళ్లాలి: అకితాలో కిసాకతా, యమగతా తీరం, తొత్తోరి. కిసాకతా దగ్గర చోకాయ్ కొండ మంచు కరిగిన నీరు సముద్రం అడుగున ఊటలుగా పైకొస్తుంది, అక్కడివాటికి గిరాకీ ఎక్కువ. లేదంటే హొక్కైదోలో అక్కెషి. నీళ్లు చల్లగా ఉండటంతో అక్కడ మాగాకి ఏడాది పొడుగునా అమ్ముతారు. కుషిరో నుంచి రైల్లో గంట లోపే. ఆగస్టు మధ్యలో ఓబోన్ (పెద్దల పండగ) సెలవులు, ఆ వారం తప్పించి టికెట్ తీసుకోమనండి.