అప్‌డేట్: 6/15 ఎందుకు ముగుస్తుంది, 1/13లో ఆరు అంకెలే ఎందుకు ఆవర్తనమవుతాయి

హారంలో 3 ఉన్నప్పటికీ 6/15 దశాంశ రూపం 0.4 వద్ద ఎందుకు ముగుస్తుందని, 1/7కూ 1/13కూ ఆవర్తనమయ్యే అంకెలు ఆరే ఎందుకని ఇదివరకు అడిగాను. ఓపికగా వివరించిన వారందరికీ కృతజ్ఞతలు.

మొదటి సందేహం త్వరగానే తీరింది. భిన్నాన్ని ముందుగా కనిష్ఠ రూపంలోకి తేవాలి. 6/15 అంటే 2/5 కనుక, హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేదు. అలాంటి హారాన్ని 10 ఘాతంగా మార్చవచ్చు: 7/80లో లవహారాలను 125తో గుణిస్తే 875/10000, అంటే 0.0875 వస్తుంది.

రెండవదానికి, భాగహారంలో వచ్చే శేషాలను వరుసగా రాసి చూడమన్న సూచన ఎంతో విలువైనది. 1ని 7తో భాగిస్తే శేషాలు 3, 2, 6, 4, 5, 1 అవుతాయి. సున్నా కాని శేషాలన్నీ అయిపోయి 1 తిరిగి రాగానే 142857 మళ్లీ మొదలవుతుంది. 13తో భాగించినప్పుడు పన్నెండు శేషాలకు అవకాశం ఉన్నా, 10, 9, 12, 3, 4 తరువాత వెంటనే 1 వచ్చేస్తుంది. 9లు మాత్రమే గల సంఖ్యలలో 13 నిశ్శేషంగా భాగించే అతి చిన్నది 999999 కావడమే ఇందుకు కారణం, ఎందుకంటే 999999 = 13 × 76923. అందుకే 1/13 = 0.076923076923... అవుతుంది. 1/17 మాత్రం పూర్తిగా పదహారు అంకెలు తీసుకుంటుంది.

ఇదే పద్ధతిలో 1/12ను కూడా పరిశీలించాను: 0.08333...లో మొదటి రెండు అంకెలు ఆవర్తనంలో చేరకపోవడానికి హారంలోని 2², ఆ తరువాత 3 ఆగకుండా రావడానికి హారంలోని 3 కారణం.