అప్‌డేట్: విల్లీస్ జీప్ మొండి నట్లు ఊడాయి

1944 విల్లీస్ జీప్‌కి ఎడమవైపు చక్రాల నట్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టాల భాగం) స్టడ్లు (నట్టు ఎక్కే మర కడ్డీలు) తుప్పుపట్టి కదలట్లేదని అడిగాను కదా, మొత్తానికి అన్నీ వచ్చేశాయి. ఎడమ చక్రాలకి ఎదురు మర ఉంటుంది, కుడికి తిప్పితేనే వదులవుతుందని ఇక్కడో అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వైరు బ్రష్‌తో రుద్దితే స్టడ్ చివర ఎల్ అక్షరం (లెఫ్ట్, అంటే ఎదురు మర గుర్తు) కూడా కనిపించింది. మా మెకానిక్ అయితే పానాకి పైపు తొడిగి మామూలు దిక్కులోనే ఎక్కి తొక్కబోయాడు, ఆపాను కాబట్టి సరిపోయింది.

మానిఫోల్డే చుక్కలు చూపించింది. అసిటోన్, ఏటీఎఫ్ ఆయిలు (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసేది) సగం సగం కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున శుభ్రంగా తుడిచి ఆరాక (అసిటోన్ తడి ఉండగా మంట పెట్టకండి బాబూ, భగ్గుమంటుంది) నట్టుని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, కాస్త చల్లారాక కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పీల్చుకుపోయింది, ఆ తర్వాత కొంచెం ముందుకి కొంచెం వెనక్కి ఆడిస్తూ పోతే కిర్రుమంటూ కదిలింది. ఒక స్టడ్ మాత్రం విరిగింది. మిగిలిన ముక్క మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగ్ కొట్టిస్తే ఆ వేడికే పట్టు వదిలేసింది.

ఇక బ్రేక్ డ్రమ్ములు. హైదరాబాద్‌లో పుల్లర్ (డ్రమ్ముని లాగి ఊడదీసే పనిముట్టు) అద్దెకి ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.