విమానాన్ని లేపేది బెర్నూలీయా, న్యూటనా?

గాలివాటం:
మొన్న ఆదివారం పొద్దున మైదానంలో నా రేడియో విమానానికి బ్యాటరీ బిగిస్తున్నాను. పక్కనే ఉన్న మా మేనల్లుడు, తొమ్మిదేళ్లవాడు, "మామయ్యా, ఇది ఎందుకు ఎగురుతుంది?" అని అడిగాడు. అక్కడున్నది ఆరుగురం. జవాబులు మాత్రం ఏడు వచ్చాయి, ఒకాయన మధ్యలో పక్షం మార్చారు కాబట్టి. వాదన తెమిలేసరికి ఎండ ముదిరింది, గాలి రేగింది. ఆ పూట పిచ్చుకలు ఎగిరాయి, చిత్తుకాగితాలు ఎగిరాయి, మా విమానాలు తప్ప అన్నీ ఎగిరాయి.

బడిలో చదివిందే వాడికి అప్పజెప్పాను. రెక్క పైవైపు ఉబ్బుగా ఉంటుంది. ముందు అంచు దగ్గర విడిపోయిన గాలి వెనుక అంచు దగ్గర మళ్లీ కలుసుకోవాలి. పైదారి దూరం కాబట్టి పైగాలి పరుగెత్తాలి. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని బెర్నూలీ అనే శాస్త్రవేత్త 1738లోనే చెప్పాడు. అందుకే రెక్క లేస్తుంది. వాడు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "ఎందుకు కలుసుకోవాలి? ముందే మాట్లాడుకున్నాయా?" నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉందా?

బాల్సాచెక్క:
మీ మేనల్లుడికి నా నమస్కారం చెప్పండి. కలుసుకోవు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 2012లో ఒక వీడియో విడుదల చేసింది. అందులో హోల్గర్ బాబిన్‌స్కీ అనే ఆచార్యుడు రెక్క మీదుగా పొగను విడతలు విడతలుగా పంపి చూపిస్తారు. పైనుంచి వెళ్లిన పొగ వెనుక అంచు దాటిపోయాక కూడా కిందిది ఇంకా దారిలోనే ఉంటుంది. పైగాలి వేగంగా వెళ్లడం నిజమే, దానికి చెప్పే కారణమే కట్టుకథ.

నా మొదటి విమానం రెక్క ఒట్టి ఫోమ్ షీటు. పైన ఎంత దూరమో కిందా అంతే. అయినా ఎగిరింది. చక్కగా ఎగిరిందని మాత్రం అనను.

మూడేకాళ్లు:
ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాదు. రెక్క గాలిని కిందికి తోస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. న్యూటన్ మూడో సూత్రం. కదిలే కారు కిటికీలోంచి అరచేయి బయటపెట్టి కాస్త వాల్చి చూడండి, చేయి లేస్తుంది. (నడిపేవారు పెట్టవద్దు.) విన్యాసాల విమానాలు తలకిందులుగా ఎగురుతున్నాయి కదా, ఉబ్బు వల్లే లేచేదైతే అవి నేలలోకి దూసుకుపోవాలి. బెర్నూలీ గారు నీటి గొట్టాల సంగతి చూసుకుంటే చాలు.

తోకచుక్క:
మూడేకాళ్లు గారూ, పేరు సార్థకం చేసుకుంటున్నారు. గాలి వచ్చి రెక్క అడుగుభాగాన్ని కొట్టి లేపుతుందన్నట్టు చెబుతున్నారు. విమానం దిగగానే రెక్క పైభాగంలో పలకలు లేచి నిలబడటం ఎప్పుడైనా కిటికీలోంచి చూశారా? స్పాయిలర్లు. అవి లేవగానే రెక్క మోయడం దాదాపు మానేస్తుంది, బరువంతా చక్రాల మీద పడుతుంది. పని అంతా అడుగునే జరుగుతుంటే పైన పలకలు లేపితే ఏమవుతుంది? రెక్క పైన పలచగా మంచు పేరుకున్నా కడిగిన తరువాతే బయలుదేరేది ఎందుకు? మామూలు విమానపు రెక్కలో ఎక్కువ పని చేసేది పైభాగమే.

పంఖా:
మీరిద్దరూ గాలిలో మేడలు కడుతున్నారు. ఎగరేది ఇంజిను. మిగతావన్నీ దానికి తగిలించిన అలంకారాలు.

బాల్సాచెక్క:
పంఖా గారూ, 1983 జులైలో కెనడాలో ఒక బోయింగ్ 767కు 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయింది. కిలోలకు బదులు పౌండ్లలో లెక్కగట్టి నింపారు. రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గ్లైడరులా నడిపి గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దించారు. లోపలున్న 69 మందీ బతికారు. ముంచింది లెక్క, దించింది రెక్క.

పంఖా:
ఆ ఎత్తుకు ఎక్కించింది ఎవరు మరి? రెక్కాడితే గాని డొక్కాడదంటారు, ఇంజిను ఆడితే గాని రెక్కాడదు. సరే, ఇంజిను సంగతి పక్కన పెడతాను. మూడేకాళ్లు గారికి ఒక చిక్కు. మూసేసిన లారీ నిండా పక్షులు ఉన్నాయి. తూకం వేసే చోట డ్రైవరు డబ్బా మీద గట్టిగా కొట్టాడు, పక్షులన్నీ లోపలే గాలిలోకి లేచాయి. బరువు తగ్గుతుందా?

మూడేకాళ్లు:
తగ్గదు. పక్షి గాలిని కిందికి తోస్తుంది, ఆ గాలి లారీ అడుగును తోస్తుంది. ముల్లు కాస్త అటూ ఇటూ ఊగవచ్చు గాని సగటున అదే బరువు. మన నెత్తి మీద ఎగిరే విమానం కూడా అంతే. దాని బరువు చివరికి నేల మీదే పడుతుంది, కాకపోతే చాలా విశాలంగా పరుచుకుంటుంది కాబట్టి మనకు తెలియదు.

పంఖా:
నా నడుము నొప్పికి కారణం ఇన్నాళ్లకు దొరికింది.

గాలివాటం:
నవ్వులు సరే. పిల్లవాడికి ఏమని చెప్పను?

తోకచుక్క:
ముందు ఈ లెక్క చెప్పండి. ఎయిర్‌బస్ ఏ380 గరిష్ఠ బరువు 575 టన్నులు. రెక్కల వైశాల్యం 845 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు సుమారు 680 కిలోలు మోయాలి. మన చుట్టూ ఉన్న గాలి, ఏ విమానమూ లేకపోయినా, సముద్ర మట్టం దగ్గర ప్రతి చదరపు మీటరును పది టన్నులకు పైగా బలంతో నొక్కుతూనే ఉంది. అటు నుంచీ ఇటు నుంచీ సమానంగా నొక్కుతుంది కాబట్టి మనకు పట్టదు. రెక్క చేయాల్సిందల్లా పైకీ కిందికీ మధ్య అందులో ఏడు శాతం కూడా లేని తేడా తెప్పించడం. అంత భారీ విమానం ఎలా లేస్తుందని నోరు తెరిచేవారు గాలి ఎంత బరువైనదో మరిచిపోతారు.

మూడేకాళ్లు:
ఆ తేడా ఎందుకు వస్తుంది? గాలిని కిందికి తిప్పడం వల్లే కదా?

తోకచుక్క:
గాలి కిందికి ఎందుకు తిరుగుతుంది? ఆ తేడా వల్లే కదా?

బాల్సాచెక్క:
ఇద్దరూ ఒకే బావి చుట్టూ తిరుగుతున్నారు. ఒకాయన పైకి వచ్చిన బిందెలు లెక్కపెట్టారు, మరొకాయన బావిలో నీరు ఎన్ని మూరలు దిగిందో కొలిచారు. ఎంత తోడారని అడిగితే ఇద్దరి జవాబూ ఒకటే రావాలి. రెక్క చుట్టూ పీడనాలన్నీ కూడినా, కిందికి మళ్లిన గాలి లెక్క తీసినా అదే బలం తేలుతుంది. బిందెల వల్ల నీరు దిగిందా, నీరు దిగడం వల్ల బిందెలు నిండాయా అని తగవు పడకండి.

నాకు అసలు ఆసక్తి వేరేచోట ఉంది. పైగాలి రెక్క వంపును అంటిపెట్టుకుని ఎందుకు వెళుతుంది? వంపు తిరగాలంటే లోపలి వైపుకు తోసేది ఏదో ఉండాలి. రెక్కకు దూరంగా పీడనం ఎక్కువ, దగ్గరగా తక్కువ అయితేనే గాలి వంగుతుంది. అలా తక్కువ పీడనం ఉన్న చోటికి వచ్చే గాలి వేగం పుంజుకుంటుంది. వెనుక అంచు పదునుగా ఉండటం వల్ల అడుగు గాలి ఆ అంచు చుట్టూ పైకి మళ్లలేదు, రెండు వైపుల గాలీ అక్కడినుంచి సాఫీగా వెనక్కి సాగిపోతుంది. ఈ మెలికను పట్టుకుని 1902లో కుట్టా, 1906లో ఝుకోవ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు రెక్కను లేపే బలాన్ని లెక్క కట్టారు. రైట్ సోదరులు 1903లోనే 12 సెకన్లు ఎగిరేశారు, ఈ లెక్క వారికి అందకుండానే. వారి దగ్గర ఉన్నది 1901లో సొంతంగా చేసుకున్న వాయు సొరంగం, అందులో పరీక్షించిన సుమారు 200 రెక్క నమూనాలు.

ఆ అంటిపెట్టుకోవడానికీ హద్దు ఉంది. రెక్కను మరీ ఎత్తిపెడితే, సాధారణంగా 15 డిగ్రీల చుట్టుపక్కల, గాలి వంపు వదిలేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు. నేను బాల్సా అనే తేలిక చెక్కతో మూడు నెలలు చెక్కిన విమానం దిగేటప్పుడు వేగం తగ్గుతోందని కంగారుపడి ఎలివేటర్ (ముక్కును పైకెత్తే తోక పలక) మీటను బొటనవేలితో ఇంకా లాగాను. ముక్కు లేచింది, ఒక క్షణం గాలిలో ఆలోచించింది, ఆపైన సిద్ధాంతాలన్నీ వదిలేసి బండరాయిలా దిగింది. నేల విడిచి సాము చేస్తే అంతే.

పంఖా:
అప్పుడు తోసింది న్యూటనా, బెర్నూలీయా?

బాల్సాచెక్క:
నా బొటనవేలు.

గాలివాటం:
మీ మాటలన్నీ మేనల్లుడికి చదివి వినిపించాను. బావి పోలిక దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయాడు. పొద్దున లేచి అట్టముక్క పైభాగాన నూలుపోగులు అంటించి టేబుల్ ఫ్యాను ముందు పట్టుకున్నాడు. కొద్దిగా వాల్చినంతసేపూ పోగులు బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. బాగా వాల్చగానే గిలగిలా కొట్టుకుని కొన్ని ముందుకే తిరిగాయి. గాలి వదిలేయడం కళ్లతో చూశాం. నిజం విమానాల రెక్కలకూ ఇలాగే పోగులు అంటించి పరీక్షిస్తారని చెబితే వాడు ఎంత మురిసిపోయాడో!

ఇప్పుడు వాడికి ఇంకో సందేహం. తూనీగ రెక్క అట్టకన్నా పలచన, వెనక్కీ ముందుకీ కొట్టుకుంటుంది, మరి అది ఎలా లేస్తుందని.

మూడేకాళ్లు:
గాలిని కిందికి తోసి.

తోకచుక్క:
ఆగండి, ముందు అంచు మీద సుడి ఒకటి ఏర్పడుతుంది, దానిలో పీడనం...

పంఖా:
గాలివాటం గారూ, ఈ ఆదివారం బ్యాటరీ ముందే బిగించుకుని రండి.