వయసు మళ్ళిన జంట నక్షత్రాల్లో ఇంత పెద్ద జ్వాలలు ఎలా రేగుతాయి?

భౌతికశాస్త్ర విద్యార్థిని, గుంటూరు:
నమస్కారం. వయసు పెరిగేకొద్దీ నక్షత్రాల భ్రమణం మందగించి, వాటి అయస్కాంత చర్య తగ్గుతుందని చదివాను. అయితే వయసు మళ్ళిన దగ్గరి జంటల్లో సౌరజ్వాలల కంటే వేల రెట్లు శక్తిమంతమైన జ్వాలలు ఎలా వస్తున్నాయి? పక్క నక్షత్రం లాగడమే కారణమా?

విశ్రాంత అధ్యాపకుడు, విజయవాడ:
అమ్మా, మీరు చదివినది ఒంటరి నక్షత్రాల సంగతి. వాటి నుంచి వీచే పవనం, అంటే బయటికి ఎగిరిపోయే కణాల ధార, కోణీయ ద్రవ్యవేగాన్ని (భ్రమణంలో దాగిన ఊపును) మోసుకుపోతుంది కనుక అవి నెమ్మదిస్తాయి. దగ్గరి జంటల్లో ఆటుపోటు బలాలు భ్రమణాన్ని కక్ష్యాకాలానికి కట్టిపడేస్తాయి. చందమామ మనకు ఒకే ముఖం చూపడానికీ ఇవే కారణం. పవనం ఎంత హరించినా ఆ లోటును కక్ష్య పూడుస్తూ, తాను కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. సూర్యుడి మధ్యరేఖ దగ్గర ఒక చుట్టుకు దాదాపు 25 రోజులు పడితే, హెచ్‌ఆర్ 1099 అనే జంటలోని చల్లని నక్షత్రం, సూర్యుడి కంటే ఎంతో పెద్దదైనా, 2.84 రోజుల్లోనే ఆ చుట్టు ముగిస్తుంది. లోపల మరుగుతున్న పొర అంత వేగంగా తిరిగినప్పుడు డైనమో, అంటే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే ప్రక్రియ, బలపడుతుంది, మెలిపడిన అయస్కాంత రేఖలు తెగి తిరిగి అతుక్కునే చోట జ్వాల రేగుతుంది. పొరుగు నక్షత్రం చేసేదల్లా ఆ వేగాన్ని తగ్గనివ్వకపోవడమే.

ఆకాశ పరిశీలకుడు, బ్రాడీపేట:
డిసెంబరు సాయంత్రాల్లో మా డాబా మీద నుంచి ఉత్తరాన ఆల్గాల్ అనే దగ్గరి జంట చక్కగా కనబడుతుంది. 2.87 రోజులకు ఒకసారి దాని వెలుగు 2.1 నుంచి 3.4 మాగ్నిట్యూడ్‌కు పడిపోతుంది (ఈ కొలతలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). ఒక రాత్రి గంటకోసారి పైకెక్కి చూస్తే, పక్కనున్న మిర్ఫాక్ నక్షత్రం ముందు అది అంతకంతకూ వెలవెలబోయింది. అది జంటలో ఒక నక్షత్రం రెండోదానికి అడ్డొచ్చే గ్రహణం వల్ల కలిగే మార్పు. జ్వాలలను మాత్రం ఎక్స్‌ కిరణాల్లో, రేడియో తరంగాల్లో వెతకాలి.

భౌతికశాస్త్ర విద్యార్థిని, గుంటూరు:
ధన్యవాదాలండీ. చుక్కలా కనిపించే నక్షత్రంపై జ్వాల ఎక్కడ లేచిందో చెప్పగలమా?

విశ్రాంత అధ్యాపకుడు, విజయవాడ:
ఆల్గాల్ విషయంలోనే చెప్పగలిగారు. 1997 ఆగస్టు 30న బెప్పోసాక్స్ అనే ఎక్స్‌ కిరణాల ఉపగ్రహం ఒక పెద్ద జ్వాలను చూస్తుండగా, ఎక్స్‌ కిరణాలు దాదాపుగా వెలువరించని, జంటలోని వేడి నక్షత్రం దానికి అడ్డొచ్చి పూర్తిగా కప్పేసింది. మరుగైన వేళ, బయటపడిన వేళ లెక్కగట్టి, అది చల్లని నక్షత్రపు దక్షిణ ధ్రువం మీద లేచిందని తేల్చారు. నాకు ఈ జంటలో అన్నిటికంటే విలువైన పరిశీలన ఇదే. సూర్యుడి మీద జ్వాలలు రేగే మచ్చలు ధ్రువాల దరిదాపులకు రావు. వేగంగా తిరిగే నక్షత్రంలో, పైకి లేచే అయస్కాంత నాళాలను (అయస్కాంత రేఖల కట్టలను) భ్రమణం వల్ల కలిగే కొరియాలిస్ బలం ధ్రువాల వైపు నెడుతుంది.