డాక్సీ కోర్సులో మా లాబ్రడార్ కుక్కకి లూజ్ మోషన్స్, ప్రోబయోటిక్ పనిచేస్తుందా?

కూకట్‌పల్లి_బ్రూనో
టిక్ ఫీవర్‌కి (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మొదలుపెట్టినప్పటి నుంచి మావాడికి మోషన్ పల్చగా, పైన జిగురుతో వస్తోంది. పొట్టలో గుడగుడ హాల్లోకి వినిపిస్తోంది. ఆకలి మాత్రం తగ్గలేదు, గిన్నె నాకేస్తున్నాడు. చలవ చేస్తుందని అమ్మ పూటపూటా పెరుగన్నం పెడుతోంది, మాత్ర కూడా అందులోనే. మెడికల్ షాపులో ప్రోబయోటిక్ పొడి (పొట్టకి మేలు చేసే సూక్ష్మజీవులు ఉండేది) తీసుకోమంటున్నారు. ఎవరైనా వాడారా?

అల్వాల్_పద్మ
పొడి సంగతి తర్వాత, ముందు ఆ మాత్రని పెరుగులోంచి తీసేయండి. పెరుగులో ఉండే కాల్షియం డాక్సీని పట్టేసుకుంటుంది, మందు ఒంటికి సరిగా పట్టదు. టిక్ ఫీవర్ తగ్గకపోతే అది మోషన్స్ కంటే పెద్ద గొడవ. మాత్ర చికెన్ అన్నంలో పెట్టండి (ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తారు), పెరుగు రెండు మూడు గంటలు ఆగి. చికెన్ ఉప్పు లేకుండా ఉడికించింది. ఉల్లి, వెల్లుల్లి అస్సలు వద్దు.

నాగోల్_షేరూ
అక్క చెప్పింది కరెక్టే. కానీ పొడులు గిడులు ఎందుకన్నా, మా ఇండీ కుక్కకి పెరుగుతోనే సెట్ అయితది. పాలు పోస్తే మాత్రం ఆ రాత్రి ఇల్లంతా కడుక్కునుడే.

సైనిక్‌పురి_కోకో
షేరూ బ్రో, పాలల్లోని లాక్టోజ్ అనే చక్కెర తోడుకున్నాక కొంత తగ్గుతుంది, అందుకే మీవాడికి పెరుగు పడుతోంది. అందరికీ పడదు. పైగా ఇంటి పెరుగులో ఏ బ్యాక్టీరియా ఎంతుందో ఎవరూ చెప్పలేరు. కుక్కల మీద పరీక్షించిన రకాలు వేరే ఉన్నాయి. ఫోర్టిఫ్లోరా అనే ప్రోబయోటిక్ పొడిలో ఉండేది ఎంటెరోకోకస్ ఫీసియం ఎస్‌ఎఫ్68 అనే బ్యాక్టీరియా. సాకరోమైసిస్ బౌలార్డి అయితే ఈస్ట్ కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని చంపదు. మా డాక్టరుగారు కోకోకి అదే రాశారు, మోతాదు బరువు చూసి చెప్పారు. బ్యాక్టీరియా రకం వాడితే మాత్రకీ దానికీ ఎడం ఉండాలి. మనుషుల సాచెట్ కొంటే జైలిటాల్ (తీపి కోసం కలిపేది) ఉందేమో లేబుల్ చూడండి, అది కుక్కలకి విషం.
నిజం చెప్పాలంటే మామూలు విరేచనాలు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పేరు పొడికి పోతుంది.

మెహిదీపట్నం_రాణి
తగ్గకపోతే పొడులు మార్చుకుంటూ కూర్చోకండి. మా జర్మన్ షెపర్డ్ రెండింతలు తినేది, అయినా పక్కటెముకలు బయటపడ్డాయి. మోషన్ పాలిపోయిన రంగులో, కుప్పలు కుప్పలుగా, జిడ్డుగా. పెరుగు, ప్రోబయోటిక్, గుమ్మడికాయ, అన్నీ అయ్యాయి. చివరికి టీఎల్‌ఐ అనే రక్తపరీక్షలో తేలింది, క్లోమం తిండిని అరిగించే ఎంజైములు తయారుచేయట్లేదని. ఇప్పుడు ప్రతి పూటా తిండిలో ఎంజైమ్ పొడి కలపాల్సిందే, బతికినంత కాలం. ఈ జాతిలో ఇది ఎక్కువట.

కొంపల్లి_పప్పీ
మాది చిన్న పిల్ల, టీకాలు ఇంకా పూర్తవలేదు. దానికీ మోషన్సే, పొద్దున్నుంచి వాంతులు కూడా. ఈ పొడి వేయొచ్చా?

అల్వాల్_పద్మ
వద్దమ్మా! పార్వో వైరస్ కావచ్చు, రక్తం పడేదాకా ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరు. నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రో, దగ్గర్లో ఏ క్లినిక్ తెరిచుంటే అదో. సెలైన్ పడాలి.

కూకట్‌పల్లి_బ్రూనో
థాంక్స్ అండి. మాత్ర చికెన్ అన్నంలోకి మార్చాం, అమ్మ అలిగింది. నట్టల మందు వేసి చాలా రోజులైంది, మోషన్ టెస్ట్ చేయిద్దామా?

సైనిక్‌పురి_కోకో
చేయించండి, జియార్డియా (పేగుల్లో ఉండే పరాన్నజీవి) కూడా చూడమనండి. శాంపిల్ తాజాగా ఉండాలి, మట్టి అంటని పైభాగం తీయండి. ఒక్కసారి నెగెటివ్ వస్తే లేదని కాదు, మళ్లీ అడగొచ్చు.